దూరపు నలభై

మంచు వీడి పది రోజులైంది. కాస్కోలో నేల
ఇంకా బూటును వదలనంటోంది.
ఉక్కు గొట్టం గుచ్చుతాను, మెలిపెట్టి లాగుతాను.
ఆరంగుళాల మట్టి వస్తుంది, జున్నుముక్కలా.
అయిదెకరాలకి పది పోట్లు. బకెట్లో కలిపి ఒక కాగితపు సంచి.
సంచిమీద పెన్సిలుతోనే రాయాలి, తడికి పెన్ను నిలవదు:
కొట్టం వెనకది. చర్చి పక్కది. ఎడ్నా నలభై.

ఎడ్నా పోయి ముప్ఫై ఏళ్ళు.
కొన్నది గ్లెన్ రెనియర్ వాళ్ళ నాన్న.
కొన్నవాడి పేరు పొలానికి అంటడానికి
ఈ ఊళ్ళో ఒక తరం చాలదు.

గ్లెన్‌కి నూట అరవై ఆవులు.
వాటి వెనక పేడనీళ్ళ చెరువు
ఫిబ్రవరికల్లా అంచు తాకుతుంది.
ఫిబ్రవరిలో ట్రాక్టరు ఎంత దూరం వెళుతుంది?
కొట్టం వెనకదాకా వెళుతుంది.
నాన్న తోపుడుబండీ అక్కడిదాకానే వెళ్ళింది.
తాత చేతిలో పార అక్కడిదాకానే విసిరింది.
బద్ధకం అనను. చలి అంటాను.
మైనస్ ఇరవైలో ఎవరికైనా దగ్గరి పొలమే పొలం.

నెలకి కాగితం వచ్చింది.
కొట్టం వెనక భాస్వరం రెండువందల పది.
ఎడ్నా నలభైలో తొమ్మిది.
మధ్యలో మైలున్నర.

అడగందే అమ్మైనా పెట్టదంటారు మా వైపు.
నేల ఎలా అడుగుతుంది?
లేత మొక్కజొన్న ఆకు అంచున కాస్త ఊదారంగు పూస్తుంది,
జూన్‌లో, ఓ రెండు వారాలు.
రోడ్డు మీంచి చూసేవాళ్ళకి అది అందంగానే ఉంటుంది.

వంటింటి బల్లమీద మ్యాపు పరిచాను.
పక్కనే ఎరువుల దుకాణం బిల్లు:
ఎడ్నా నలభైకి, సంచుల్లో, భాస్వరం.
పిల్లని చంకనెట్టుకుని ఊరంతా వెతికినట్టు, అందామనుకున్నాను.
వాళ్ళ భాషలోకి మారిస్తే తిట్టులా ఉంటుందని మానేశాను.
ఆయనే బిల్లు తిరగేసి పెట్టాడు.

"పాలతో పోయేదెంత?"
చెప్పాను. పాల ట్యాంకరు రోజూ కొంచెం పట్టుకెళుతుంది.
దాణా లారీ వారానికోసారి వచ్చి
అంతకన్నా ఎక్కువే దింపుతుంది.
మిగిలింది ఎక్కడికీ పోలేదు గ్లెన్,
కొట్టం వెనకే కూర్చునుంది.
నత్రజని అలా కాదు, దానికి కూర్చోవడం రాదు.
ఇక్కడ జానెడు మట్టి కింద అంతా పగుళ్ళ సున్నపురాయి,
ఇవాళ చల్లింది ఎల్లుండికి బావిలో పలుకుతుంది.

మార్లిస్ ఏమీ అనలేదు.
నాకు కాఫీ పోసింది.
కుళాయి నీళ్ళు కాదు, మూల నున్న నీలం డబ్బా నీళ్ళతో కాచింది.
ఆ డబ్బా అక్కడికి ఎప్పుడొచ్చిందో
అడిగే గడి నా ఫారంలో లేదు.

మే నెలలో మైలున్నర రబ్బరు గొట్టం పరిచారు,
అద్దెకి, గంటల లెక్కన.
రోడ్డు కింది తూములోంచి దూర్చి, చర్చి పక్కగా,
ఆదివారం తగలకుండా చూసుకుని.
ఆ వాసన మొదటిసారి ఎడ్నా నలభైకి చేరిన సాయంత్రం
అవతలి ఇంటివాళ్ళు ఫోన్ చేసి తిట్టారు.
గ్లెన్ క్షమించమన్నాడు. పంపు ఆపలేదు.

కొట్టం వెనక ఇంకేమీ వెయ్యకూడదు.
అల్ఫాల్ఫా కోసుకుంటూ, కోసుకుంటూ,
పదిహేనేళ్ళో, ఇరవయ్యో.
"పదిహేనేళ్ళకి నాకు ఎనభై ఒకటి," అన్నాడు,
మ్యాపు మడతపెడుతూ, తప్పు మడతల మీద.

మళ్ళీ ఏప్రిల్. మళ్ళీ బూట్లు.
తొమ్మిది పదకొండు అయినా అయుండొచ్చు,
అవకపోయినా ఆశ్చర్యం లేదు.
ఆరో పోటులో వానపాము వచ్చింది, సగమే.
మిగతా సగం గుంటలో కదులుతోంది.
చేతిలోదాన్ని దాని దగ్గరే వదిలేసి
మట్టి మాత్రం సంచిలో పోసి
పెన్సిలు తీశాను:
ఎడ్నా నలభై.